బాల్టిక్ పల్లెల్లో ఒంటరిగా బైక్, టెంట్: బయల్దేరే ముందు నుంచి తిరిగొచ్చేదాకా

జర్మనీ, పోలండ్, ఫిన్లాండ్‌లలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ల నుంచి ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. లిథువేనియా, లాట్వియా, ఎస్టోనియా పల్లె రోడ్ల మీద ఒంటరిగా బైక్ మీద తిరిగి, రాత్రిళ్లు టెంట్‌లో పడుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి? ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా జవాబిచ్చే బదులు మొత్తం వరుసగా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ ప్రయాణంలో పగలు ఎంత దూరం వెళ్లామన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం. జూన్‌లో టాలిన్ దగ్గర రాత్రి పదిన్నర దాటితే గానీ పొద్దు గుంకదు. వెలుతురుంది కదా అని ఇంకో గంట, ఇంకో గంట అంటూ పోతూ ఉంటే ఒళ్లు అలిసిపోతుంది, దుకాణాలు మూసేస్తారు, అడవి జంతువులు రోడ్డెక్కే వేళ అవుతుంది. అందుకే సాయంత్రం ఐదున్నరకల్లా టెంట్ వేసేయాలన్న లెక్కతోనే కింది అంకెలన్నీ ఇచ్చాను.

## 1. ఎప్పుడు వెళ్లాలి, ఎన్ని రోజులు

మే చివరి నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా టెంట్‌కు అనువైన కాలం. జులైలో కూడా రాత్రిపూట 10 డిగ్రీలకు దిగిపోవడం మామూలే. జులై, ఆగస్టుల్లో వానలు ఎక్కువ. మన వర్షాకాలంలా రోజంతా కురవకపోయినా, ఎండ కాస్తూనే జల్లు పడుతుంది. జూన్, జులైల్లో దోమల బాధ చెప్పలేం.

నన్నడిగితే ఆగస్టు రెండో సగం మంచిది. దోమలు తగ్గుతాయి, సెలవుల రద్దీ సన్నగిల్లుతుంది, చెరువుల్లో నీళ్లింకా గోరువెచ్చగానే ఉంటాయి. కాకపోతే అప్పటికి ఎనిమిదిన్నరకే పొద్దు గుంకుతుంది.

జూన్ 22 నుంచి 24 వరకు మాత్రం వద్దు. మూడు దేశాల్లోనూ అది నడివేసవి పండగ. లాట్వియాలో యాని, ఎస్టోనియాలో యానిపేవ్, లిథువేనియాలో యోనినెస్ అంటారు. చెరువు గట్లన్నీ జనంతో నిండిపోతాయి, చాలా దుకాణాలు మూతబడతాయి, తాగి బండి నడిపేవాళ్లు ఉంటారు. ఆ మూడు రోజులు ఊరికే ఉండదలిస్తే ఏదైనా గెస్ట్ హౌస్‌లో గది ముందే తీసుకోండి.

మూడు దేశాలూ చూడాలంటే రెండు వారాలు కావాలి. చేతిలో వారమే ఉంటే ఒక దేశంతో సరిపెట్టుకోండి.

## 2. కాగితాలు

మూడూ షెంగెన్ దేశాలే, మూడింటిలోనూ యూరోనే నడుస్తుంది. జర్మనీ వంటి షెంగెన్ దేశంలో నివాస పర్మిట్ ఉన్నవాళ్లకు వేరే వీసా అక్కర్లేదు, 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగవచ్చు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ రోజులుండే దేశం దగ్గరే వీసాకు దరఖాస్తు చేయాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

సరిహద్దుల్లో గేట్లుండవు. అయినా తనిఖీలు జరగవచ్చు కాబట్టి పాస్‌పోర్టు, పర్మిట్ అసలు కాపీలు జేబులోనే ఉండాలి.

లైసెన్స్ విషయంలో జాగ్రత్త. మీరు జర్మనీలో నివాసం ఉంటుంటే, వచ్చిన ఆరు నెలల తర్వాత ఇండియా లైసెన్స్ అక్కడ చెల్లదు. జర్మన్ లైసెన్స్‌లో కూడా బైక్ కేటగిరీ విడిగా ఉండాలి. ఏ2 అయితే 35 కిలోవాట్ల లోపు బైక్‌లే నడపాలి. ఇండియా నుంచి వచ్చి అద్దె బైక్ తీసుకునేవాళ్లు ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ కూడా తెచ్చుకుని, అది తమకు సరిపోతుందని అద్దె కంపెనీ చేత, బీమా కంపెనీ చేత ఈమెయిల్‌లో రాయించుకోవాలి. ఫోన్‌లో "ఫర్వాలేదండీ" అంటే నమ్మకండి.

చెక్‌లిస్ట్:

☐ పాస్‌పోర్టు, నివాస పర్మిట్ లేదా వీసా
☐ బైక్ కేటగిరీ ఉన్న లైసెన్స్
☐ బండి రిజిస్ట్రేషన్ పత్రం, బీమా, గ్రీన్ కార్డ్ (బండి బీమా విదేశాల్లోనూ చెల్లుతుందని చూపే పత్రం)
☐ అద్దె బైక్ అయితే సరిహద్దు దాటేందుకు రాతపూర్వక అనుమతి
☐ ప్రయాణ బీమా (మీ బైక్ సీసీకి వర్తిస్తుందో లేదో చిన్న అక్షరాల్లో చదవండి)
☐ వీటన్నిటి ఫోటోలు ఫోన్‌లో, ఇంట్లో ఒకరి దగ్గర

## 3. బైక్: ఒక్కరే లేపగలిగినంత బరువు

ఒంటరి ప్రయాణానికి బైక్ ఎంచుకునేటప్పుడు హార్స్‌పవర్ చూడకండి. పడిపోతే మీరొక్కరే లేపగలరా లేదా అన్నదే చూడండి. 400 నుంచి 700 సీసీ మధ్య అడ్వెంచర్ బైక్‌లు ఇక్కడికి చక్కగా సరిపోతాయి. మనకు అలవాటైన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ యూరప్‌లోనూ దొరుకుతుంది, ఈ రోడ్లకు అది చాలు. పెద్ద 1200 సీసీ బైక్ తారు రోడ్డు మీద హాయిగా ఉంటుంది గానీ, కొత్తగా గీకిన కంకర మీద సామాను సహా ఒరిగిందంటే, సాయానికి ఎవరో వచ్చేదాకా అక్కడే.

బయల్దేరే ముందు ఒక ఆదివారం పూట పచ్చిక మీద బైక్‌ను మెల్లగా పడుకోబెట్టి లేపడం సాధన చేయండి. వరుస ఇది:

1. ఇంజన్ ఆపి, కీ తీయండి. సామాన్లు ఊడదీయండి.
2. బైక్ కుడి పక్కకు పడి ఉంటే, లేపకముందే సైడ్ స్టాండ్ తెరిచి పెట్టండి. లేకపోతే నిలబెట్టాక అటు పక్కకు పడిపోతుంది.
3. గేరులో వేయండి, చక్రం దొర్లదు.
4. హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పండి.
5. సీటుకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రెయిల్ పట్టుకోండి.
6. నడుముతో లాగకుండా, కాళ్లతో నేలను తన్నుతూ చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి.

సర్వీసింగ్ రెండు వారాల ముందే చేయించండి. కొత్త టైరు, కొత్త చెయిన్ వేయిస్తే వాటి మీద కొంత దూరం తిరిగాకే బయల్దేరాలి. ట్యూబ్ టైర్లయితే ముందూ వెనకా సైజుల్లో ఒక్కో ట్యూబ్, టైర్ లివర్లు, చిన్న కంప్రెసర్ వెంట ఉండాలి. ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్ కిట్, కంప్రెసర్ చాలు. క్లచ్ లివర్, బ్రేక్ లివర్ స్పేర్‌వి వెయ్యి గ్రాముల లోపే, తీసుకోండి.

## 4. సామాను సర్దడం

బ్యాగులతో కలిపి 25 నుంచి 30 కిలోలు దాటకూడదు. బండి మాన్యువల్‌లో గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. అందులో మీ బరువు, హెల్మెట్, జాకెట్ కూడా లెక్కలోకి వస్తాయి.

సర్దే పద్ధతి: బరువైనవి కిందికి, మీ సీటుకు దగ్గరగా. పనిముట్లు, స్టవ్, తిండి పక్క బ్యాగుల అడుగున. స్లీపింగ్ బ్యాగ్, బట్టలు పైన. వెనక క్యారియర్ మీద తేలికవే ఉండాలి. అక్కడ బరువు పెరిగితే ముందు చక్రం తేలిపోయి, కంకర మీద హ్యాండిల్ ఊగుతుంది.

టెంట్‌ను మాత్రం అన్నిటికన్నా పైన, విడిగా కట్టండి. పొద్దున్నే అది తడిసే ఉంటుంది. తడి టెంట్‌ను బట్టలతో కలిపి కుక్కితే రాత్రికి అన్నీ తడే. వాన పడుతుండగా ఆగినా, మిగతా బ్యాగులు తెరవకుండానే టెంట్ చేతికందాలి.

☐ మూడు కిలోల లోపు టెంట్, ముందు వసారా ఉన్నది (బూట్లు, హెల్మెట్ పెట్టడానికి)
☐ కంఫర్ట్ రేటింగ్ (ఎంత చలి దాకా హాయిగా పడుకోవచ్చో చెప్పే అంకె) 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉన్న స్లీపింగ్ బ్యాగ్
☐ గాలి పరుపు, అతుకుల కిట్
☐ గ్యాస్ స్టవ్, రెండు లైటర్లు, ఒక గిన్నె, చెంచా
☐ నాలుగైదు లీటర్ల మడత నీళ్ల సంచి, నీటి ఫిల్టర్
☐ తల లైటు
☐ సైడ్ స్టాండ్ కింద పెట్టే పలక (మెత్తటి నేలలో స్టాండ్ దిగబడి రాత్రికి బండి పడిపోతుంది)
☐ రెయిన్ కోటు, రెయిన్ ప్యాంటు, నీళ్లు చొరని గ్లవ్స్ కవర్లు
☐ ఊలు బనియను, ఊలు సాక్సులు (పడుకునేటప్పుడు మాత్రమే వేసుకునే పొడి జత)
☐ టిక్ (పిడుదు) తీసే పట్టకారు, దోమల మందు, ప్రథమ చికిత్స సంచి
☐ పవర్ బ్యాంక్, బండి మీద యూఎస్‌బీ ఛార్జర్

గ్యాస్ డబ్బా విమానంలో తీసుకెళ్లనివ్వరు. విమానంలో వచ్చేవాళ్లు దిగిన నగరంలోనే, ట్రెక్కింగ్ సామాన్ల షాపులో, మీ స్టవ్ మరకు సరిపోయేది కొనండి. పల్లెల్లో వెతుక్కోవడం కష్టం.

## 5. దారి: రాత్రి మజిలీ నుంచి వెనక్కి లెక్క

జర్మనీ నుంచి పోలండ్ మీదుగా రోడ్డున రావచ్చు. నేనైతే ఫెర్రీనే ఎంచుకుంటాను. కీల్ నుంచి లిథువేనియాలోని క్లైపెడాకు, ట్రావెమ్యుండె నుంచి లాట్వియాలోని లియెపాయాకు ఓడలున్నాయి, సుమారు 20 గంటల ప్రయాణం. రాత్రి నిద్రపోయి, ఒళ్లు తేలికగా దిగుతారు. ఫిన్లాండ్ నుంచైతే హెల్సింకీ–టాలిన్ రెండు గంటలు. ఓడలో బండిని గేరులో వేసి, సైడ్ స్టాండ్ మీద పెట్టి, సీటు మీదుగా బెల్టు బిగించి కట్టాలి. బెల్టు కింద ఒక తువ్వాలు వేయండి, సీటు గీసుకుపోదు.

మూడు దేశాలూ చుట్టి తిరిగి రావడానికి రెండు వారాల్లో హాయిగా సరిపోయే దారి ఇది. మొత్తం 2,200 నుంచి 2,400 కిలోమీటర్ల మధ్య వస్తుంది:

- క్లైపెడా, ప్లాతెలియై సరస్సు (జెమైతియా నేషనల్ పార్క్)
- లాట్వియాలోని కుల్దిగా, వెంట్స్‌పిల్స్, కోల్కా అగ్రం
- రిగా గల్ఫ్ తీరం వెంట కిందికి, రిగా దాటి త్సేసిస్ (గౌయా నేషనల్ పార్క్)
- ఎస్టోనియాలోని రౌగె, హాన్యా కొండలు, పెయిప్సీ సరస్సు గట్టున కల్లాస్తె
- లాహెమా నేషనల్ పార్క్
- విర్త్సు రేవు నుంచి ఫెర్రీలో ముహు, అక్కడి నుంచి కట్ట మీదుగా సారెమా
- పార్ను, లాట్వియాలో మదోనా వైపు లోపలి రోడ్లు, లిథువేనియాలో ఇగ్నాలినా సరస్సులు
- మార్చిన్‌కోనిస్ అడవులు, లాజ్దియై, పోలండ్‌లోని సెయ్నీ

రోజుకు 200 కిలోమీటర్లు చాలు. మ్యాప్ మూడున్నర గంటలని చూపిస్తుంది. కంకర, ఫోటోలు, తిండి, పెట్రోలు కలిసి ఏడు గంటలవుతుంది. నాలుగో రోజు, తొమ్మిదో రోజు కదలకుండా ఒకేచోట ఉండండి.

ఇ67, అంటే వియా బాల్టికా హైవే, వీలైనంత తప్పించుకోండి. లారీల బారు తప్ప ఏమీ కనిపించదు, వాటి గాలి తోపుడు వేరే.

రోజువారీ ప్లాన్ వేసే పద్ధతి:

1. మొదట, ఆ రాత్రి ఆగే చోటు గుర్తించండి. దానికి 15 కిలోమీటర్ల లోపు రెండో చోటు కూడా.
2. అక్కడికి ముందొచ్చే చివరి కిరాణా దుకాణం, చివరి పెట్రోల్ బంకు గుర్తించండి.
3. అప్పుడు పగలు చూసే ప్రదేశాలు రెండే రెండు పెట్టుకోండి.
4. మ్యాప్ మొత్తం ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

ఎస్టోనియా ఆగ్నేయ మూలలో వార్స్కా నుంచి సాత్సేకు పోయే పాత రోడ్డు కొంత దూరం రష్యా భూభాగం గుండా పోతుంది. మ్యాప్ దగ్గరి దారని చూపించినా అటు వెళ్లకండి. రష్యా, బెలారూస్, కాలినిన్‌గ్రాడ్ (విడిగా ఉన్న రష్యా ముక్క) సరిహద్దులకు ఆనుకుని టెంట్ వేయవద్దు, డ్రోన్ ఎగరేయవద్దు.

## 6. టెంట్ ఎక్కడ వేయవచ్చు

అందరూ తికమకపడేది ఇక్కడే. "బాల్టిక్‌లో ఎక్కడైనా వేసేయొచ్చు" అన్న మాట తప్పు.

ఎస్టోనియాలో ప్రభుత్వ అడవులను చూసుకునే ఆర్‌ఎంకే సంస్థ ఉచిత మజిలీలు నడుపుతుంది. చదునైన నేల, నిప్పు పెట్టుకునే చోటు, బల్ల, పొడి మరుగుదొడ్డి ఉంటాయి. చాలాచోట్ల కట్టెల కొట్టు కూడా ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకోవద్దు. ఎవరైనా ఉచితంగా తలదాచుకోగల చిన్న అడవి గుడిసెలూ ఉన్నాయి. వాన రోజున ఇవి ప్రాణం లేచొచ్చేలా చేస్తాయి. వాళ్ల యాప్‌లో అన్నీ మ్యాప్ మీద కనిపిస్తాయి. ప్రైవేటు స్థలంలో టెంట్ వేయాలంటే యజమానిని అడగాల్సిందే.

లాట్వియాలో ప్రభుత్వ అడవుల సంస్థ ఎల్‌వీఎం ఇలాంటి విశ్రాంతి స్థలాలే పెట్టింది. తీరంలో ఇసుక దిబ్బల మీద టెంట్ వేయకండి. కోల్కా, యూర్కాల్నె వైపు తక్కువ డబ్బుకు దొరికే చిన్న క్యాంపింగ్‌లు ఉన్నాయి.

లిథువేనియాలో నేషనల్ పార్కులు, రీజనల్ పార్కులు ఎక్కువ. వాటిలో గుర్తు పెట్టిన స్థలాల్లోనే టెంట్ వేయాలి. క్లైపెడా దగ్గర సముద్రం అంచున సన్నగా సాగిన ఇసుక నేల, కుర్షియన్ స్పిట్ మీద నిబంధనలు ఇంకా గట్టివి. బండికి ప్రవేశ రుసుము ఉంటుంది, టెంట్ అంటే అక్కడి నిడా ఊళ్లోని క్యాంపింగే. సీజన్‌లో అక్కడ ముందే బుక్ చేసుకోండి.

మూడు దేశాల్లోనూ వర్తించేవి: రోడ్డు దిగి అడవిలోకి బైక్ నడపకూడదు. నిప్పు కేటాయించిన చోటే పెట్టాలి. ఎండలు ముదిరినప్పుడు నిప్పు మీద పూర్తి నిషేధం పెడతారు, ప్రవేశంలోని బోర్డు చదవండి.

ఏ స్థలమూ దొరకకపోతే, ఇంటి గేటు దగ్గర ఇంజన్ ఆపి, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, నడిచి వెళ్లి అడగండి. ఎస్టోనియాలో "తెరె", లాట్వియాలో "లబ్‌దియెన్", లిథువేనియాలో "లాబ దియెనా" అని పలకరిస్తే చాలు. ఇక్కడి పల్లె జనం ముందుగా నవ్వరు, ముందుగా మాట్లాడరు. అది కోపం కాదు. ఒక రాత్రే అని వేలితో చూపించి, టెంట్ సంచి చూపిస్తే తోటలో చోటు చూపించేవాళ్లు చాలామందే.

ప్రతి మూడో నాలుగో రాత్రి గెస్ట్ హౌస్‌లోనో, డబ్బు కట్టే క్యాంపింగ్‌లోనో ఉండండి. స్నానం, బట్టలు ఉతకడం, ఛార్జింగ్, టెంట్ ఆరబెట్టడం అన్నీ ఒకేసారి అయిపోతాయి.

## 7. కంకర రోడ్లు

లాట్వియా, ఎస్టోనియాలలో ఊళ్ల మధ్య రోడ్లు చాలా వరకు కంకరవే. గంటకు పరిమితి లాట్వియాలో కంకర మీద 80, లిథువేనియాలో 70. అయినా లోడుతో ఉన్న బైక్‌కు 50 నుంచి 60 చాలు. ఊళ్లలో మూడు చోట్లా 50. పగలైనా హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండాలి.

దూరం నుంచి రోడ్డు రంగు చూడటం అలవాటు చేసుకోండి. రెండు చక్రాల జాడల్లో గట్టిగా, నున్నగా మెరుస్తుంటే అది నడవదగిన దారి. రోడ్డంతా ఒకే రంగులో, అంచున కంకర గట్టులా పోగై కనిపిస్తే, గ్రేడర్ (రోడ్డు గీకి చదును చేసే యంత్రం) కొత్తగా గీకి వెళ్లిందన్నమాట. అక్కడ పైపొర వదులుగా ఉండి, ముందు చక్రం దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది. ఆ గట్టును ఏటవాలుగా దాటబోతే పడతారు. దాటక తప్పదనుకుంటే వేగం బాగా తగ్గించి, నిటారుగా దాటండి.

- కంకర మొదలవగానే టైర్లలో గాలి మాన్యువల్ చెప్పినదాని కంటే మూడు నాలుగు పీఎస్‌ఐ తగ్గించండి. తారు రోడ్డెక్కాక మళ్లీ నింపండి. మలుపుకొకసారి మారే రోడ్లయితే ఇది వదిలేయండి.
- ఒక గేరు పైన ఉండండి. థ్రాటిల్ సన్నగా, ఆగకుండా ఇవ్వండి.
- హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకండి. మోకాళ్లతో ట్యాంకును పట్టి, చేతులు వదులుగా ఉంచండి. అది కాస్త ఊగుతుంది, ఊగనివ్వండి.
- బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు. వెనక బ్రేకు ఎక్కువ, ముందుది సున్నితంగా.
- ఎదురుగా కారు వస్తే రాళ్లు ఎగురుతాయి. వైజర్ దించి, వేగం తగ్గించి, మీ జాడలోనే ఉండండి.

దుమ్ము లేవకుండా కొన్ని రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. వాన పడితే అది జిగురు బురదలా మారి జారుతుంది, ఆరాక చెయిన్‌ను తినేస్తుంది. ఆ రోజు సాయంత్రమే చెయిన్ కడిగి నూనె వేయండి.

లిథువేనియా దక్షిణాన మార్చిన్‌కోనిస్ చుట్టూ పైన్ అడవుల్లో కంకర కాదు, ఇసుక. లోడుతో ఒంటరిగా ఇసుక దారి పట్టకండి. 20 మీటర్లు నడిచి చూస్తే తెలిసిపోతుంది. బూటు మడమ మునిగితే వెనక్కి తిరగండి.

మద్యం గురించి ఒక ముక్క. లిథువేనియాలో బైక్ నడిపేవాళ్లకు అనుమతించిన పరిమితి సున్నా. నిన్న రాత్రి తాగిన బీరు కూడా లెక్కలోకి వస్తుంది.

## 8. సాయంత్రం పనుల వరుస

1. మూడున్నర, నాలుగుకి కిరాణా దుకాణం. రాత్రికి, పొద్దుటికి సరిపడా తిండి, నీళ్లు.
2. పెట్రోల్ సగానికి తగ్గితే నింపండి. పల్లెల్లో మనిషి లేని ఆటోమేటిక్ బంకులు ఎక్కువ. పిన్ ఉన్న కార్డు కావాలి. ముందు పెద్ద మొత్తం బ్లాక్ చేసి తర్వాత వదిలేస్తుంది, కంగారుపడకండి. రెండో కార్డు ఒకటి వేరేచోట దాచుకోండి.
3. ఐదుకల్లా మజిలీ. ఇంజన్ ఆపి, పది నిమిషాలు నడిచి చూడండి. ఎండిన కొమ్మలు పైన వేలాడుతున్నాయా? నేల గుంటగా ఉందా? పెద్ద గుంపు స్పీకర్ పెట్టుకుని కూర్చుందా? ఏ ఒక్కటి నచ్చకపోయినా రెండో చోటికి వెళ్లండి. దానికి ఇంకా టైం ఉంది.
4. బైక్‌ను బయటికి వెళ్లే దిక్కుకు ముక్కు పెట్టి, గట్టి నేల మీద, స్టాండ్ కింద పలక వేసి నిలపండి.
5. ముందు టెంట్, తర్వాతే టీ. పరుపు ఊది, స్లీపింగ్ బ్యాగ్ విదిల్చి పరిచేయండి.
6. టైర్లు, చెయిన్, నట్లు, బ్యాగుల పట్టీలు చేత్తో తడిమి చూడండి. కంకర రోజున నంబర్ ప్లేటు నట్లు కూడా వదులవుతాయి.
7. వంట, గిన్నెలు. తిండి అంతా బైక్ పెట్టెలో పెట్టి మూయండి. రాత్రి నక్కలు వస్తాయి.
8. టిక్ పరీక్ష. ఇంటికి మెసేజ్.

## 9. తిండి

స్టవ్ ఒకటే, గిన్నె ఒకటే కాబట్టి అలా కుదిరేవే తీసుకెళ్లండి. ఎర్ర కందిపప్పు, అంటే మసూర్, కుక్కర్ లేకుండానే పావుగంటలో ఉడుకుతుంది. పసుపు, ఉప్పు, కాస్త చింతపండు గుజ్జు వేస్తే పప్పు సిద్ధం. ఉప్మా రవ్వను ఇంట్లోనే ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు వేసి వేయించి, చల్లారాక జిప్ సంచుల్లో ఒక్కో పూటకు కట్టండి. మజిలీలో మరిగే నీళ్లు పోస్తే చాలు. అటుకులు, కందిపొడి, చిన్న సీసాలో గోంగూర పచ్చడి ఉంటే రెండు వారాలు ఢోకా లేదు.

ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లు నెయ్యి, పాలపొడి, మాంసం పచ్చళ్లు తేకండి. ఈయూ బయటి నుంచి పాల, మాంసం పదార్థాలు తేవడం నిషిద్ధం.

పెరుగన్నం బెంగ ఉన్నవాళ్లకు ఇక్కడ కెఫీర్ అనే పులిసిన పాలు, సాదా పెరుగు ఏ పల్లె దుకాణంలోనైనా దొరుకుతాయి. నల్ల రై రొట్టె మూడు నాలుగు రోజులు నిలవుంటుంది. మాంసాహారులు తీరంలో పొగ పెట్టిన చేప తప్పకుండా తినండి. రోడ్డు పక్క తేనె, బెర్రీలు అమ్మేవాళ్ల కోసం చిల్లర యూరోలు జేబులో ఉంచండి.

## 10. టిక్, విష మొక్క, అడవి జంతువు

వీటిలో మొదటిది అసలు తేలిగ్గా తీసుకోకండి.

టిక్ మన ఊళ్లలో గేదెలను పట్టే పిడుదు జాతిదే. ఇక్కడివి మెదడువాపు, లైమ్ జబ్బు రెండూ అంటించగలవు. మెదడువాపుకు టీకా ఉంది, ఒకసారి జబ్బు వచ్చాక దానికంటూ మందు లేదు. టీకా మూడు డోసులు, మొదటి రెండింటి మధ్య మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కాబట్టి ఆగస్టు ప్రయాణానికి ఏప్రిల్‌లోనే డాక్టర్‌ను కలవండి. లైమ్‌కు యాంటీబయాటిక్స్ పనిచేస్తాయి గానీ త్వరగా గుర్తించాలి.

ప్రతి రాత్రి మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో, బొడ్డు దగ్గర, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో వేళ్లతో తడిమి చూడండి. ఫోన్ కెమెరాతో వీపు ఫోటో తీసుకోండి. దొరికితే పట్టకారును చర్మానికి ఆనించి పట్టి, నిటారుగా మెల్లగా లాగేయండి. నూనె రాయడం, కాల్చడం వద్దు. తేదీ, శరీరంలో ఎక్కడ అన్నది ఫోన్‌లో రాసుకోండి.

రెండోది, లాట్వియాలో లత్వానిస్ అనే మొక్క. మనిషి కంటే ఎత్తుగా, గొడుగుల్లాంటి తెల్లని పూలగుత్తులతో రోడ్డు పక్కనే ఉంటుంది. దాని పాలు చర్మానికి తగిలి ఎండ సోకితే కాలిన బొబ్బలు వస్తాయి. మూత్రవిసర్జనకు పొదల్లోకి వెళ్లే ముందు చూసుకోండి. తగిలితే వెంటనే సబ్బు నీళ్లతో కడిగి, రెండు రోజులు ఆ చోటికి ఎండ తగలకుండా కప్పి ఉంచండి.

మూడోది జింకలు, అడవి పందులు, మూస్ అనే భారీ దుప్పి. పొద్దున్నే, పొద్దుగూకే వేళ రోడ్డు దాటుతాయి. మూస్ కాళ్లు పొడవు, లైటు వెలుగు దాని ఒంటి మీద పడేసరికే దగ్గరికి వచ్చేసి ఉంటారు. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుందనుకుని ఆగండి.

## 11. ఒంటరిగా ఉన్నప్పుడు

ఇంట్లో ఒకరితో ఇలా ఖచ్చితమైన ఒప్పందం ఉండాలి: రోజూ రాత్రి ఎనిమిదికి లొకేషన్ పంపుతాను. పదికి కూడా రాకపోతే ఫోన్ చేయండి. పొద్దున తొమ్మిదికీ దొరక్కపోతే పోలీసులకు చెప్పండి. అమ్మానాన్నలకు టైం తేడా ముందే వివరించండి. లేకపోతే అక్కడ అర్ధరాత్రి దాకా మేలుకుని టెన్షన్ పడతారు.

అత్యవసర నంబర్ మూడు దేశాల్లోనూ 112. పల్లె రోడ్డు మీద చిరునామా చెప్పలేం కాబట్టి, ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు చూసి చదివి చెప్పడం ముందే నేర్చుకోండి. హెల్మెట్ లోపల రక్తం గ్రూపు, అలర్జీలు, ఇంటి నంబర్ రాసిన చీటీ అంటించండి.

ఫోన్, పాస్‌పోర్టు, డబ్బు బైక్ మీద కాదు, ఒంటి మీద. ఫోన్ ఊడి పడి పగిలితే దారి తెలియడానికి కాగితం మ్యాప్ ఒకటి ఉంచుకోండి.

## 12. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సర్దుబాటు

మొదటి రోజే 400 కిలోమీటర్లు. రెండో రోజు ఒళ్లు కదలదు. మొదటి మజిలీ ఓడ దిగిన చోటికి 100 కిలోమీటర్ల లోపు పెట్టండి.

వానలో మొండిగా సాగడం. గ్లవ్స్ లోపల తడిస్తే వేళ్లు మొద్దుబారి బ్రేకు అందదు. బస్ షెల్టర్‌లో ఆగి, పొడి గ్లవ్స్ మార్చి, వేడిగా ఏదైనా తాగి, రోజు దూరం సగం చేయండి.

రాత్రి చలి. చాలాసార్లు తప్పు స్లీపింగ్ బ్యాగ్‌ది కాదు, కింద నేలది. పరుపు కింద రైడింగ్ జాకెట్ పరచండి. సీసాలో వేడి నీళ్లు పోసి కాళ్ల దగ్గర పెట్టుకోండి.

టెంట్ లోపల నీటి చుక్కలు. చెరువు గట్టుకు మరీ ఆనుకుని వేసినప్పుడు ఇలా అవుతుంది. 30 మీటర్లు పైకి, చెట్ల కిందికి జరగండి, రెండు వైపులా గాలి కిటికీలు తెరవండి.

ఫెర్రీ టికెట్ అప్పుడు చూద్దాంలే అనుకోవడం. సారెమా ఫెర్రీకి శుక్రవారం సాయంత్రం వెళ్లే వైపు, ఆదివారం వచ్చే వైపు రద్దీ. వారం మధ్యలో దాటండి.

లోయలో బండి ఆపడం. మెత్తటి పచ్చికలో కిందికి దింపితే, వాన తర్వాత లోడుతో ఎక్కదు. ఎప్పుడూ దిగుడుకు ముఖం కాకుండా ఎక్కుడుకు ముఖం పెట్టి, గట్టి దారి అంచునే ఆపండి.

## 13. తిరిగొచ్చాక వారంలో

☐ టెంట్ పూర్తిగా విప్పి రెండు రోజులు ఆరబెట్టండి, బాల్కనీలో అయినా సరే
☐ బండి కింద భాగం, రేడియేటర్, చెయిన్ మంచినీళ్లతో కడగండి, కంకర రోడ్ల ఉప్పు ఉంటుంది
☐ స్పోకులు, వీల్ బేరింగులు, బ్రేక్ ప్యాడ్లు మెకానిక్‌తో చూపించండి
☐ రైడింగ్ బట్టలన్నీ విదిల్చి ఉతకండి, మడతల్లో టిక్‌లు దాగి ఉండవచ్చు
☐ నెల రోజులపాటు ఒంటి మీద గుండ్రంగా పెరిగే ఎర్ర మచ్చ గానీ, జ్వరం, తలనొప్పి గానీ వస్తే, బాల్టిక్ అడవుల్లో పడుకున్నానని డాక్టర్‌కు మీరే ముందుగా చెప్పి, ఫోన్‌లో రాసుకున్న తేదీలు చూపించండి